చంద్రుడి మీద ఆండాళత్త ఏడు కిలోలు

మా నాన్న తక్కెడను నేను ఇత్తడి కింద తూకానికి అమ్మేశాను. గతిలేక అమ్మిందని జాలిపడకండి. చాలా గొప్పగా అమ్మాను. పాత సామాన్లు కొనేవాడు తన బ్యాటరీ కాటాను వాకిట్లో ఎగుడుదిగుడు బండమీద పెట్టబోతే ఆపి, నడవాలో చదునైన గచ్చుమీద పెట్టించాను. విప్పని కిలో చక్కెర పొట్లం తెచ్చి దానిమీద ఉంచి, కాటా ఎంత మింగుతున్నదో వాడి కళ్ళకే చూపించాను. వాడు తల గోక్కుని, అంగడివాళ్ళ ఇంటి బిడ్డవా అమ్మా అని అరవంలో అడిగాడు. అవునన్నాను. చింతాద్రిపేటలో మూడు తరాలు పప్పూ ఉప్పూ చింతపండూ అమ్మినవాళ్ళమని, కాటా వేషాలు నా దగ్గర చెల్లవని చెప్పి, వాడన్న ధరమీద ఇంకాస్త రాబట్టి, రెండు పళ్ళాలూ కాడా గొలుసులూ నా చేత్తోనే వాడి గోనెలో వేశాను. ఆ తర్వాత ఏడాదిపాటు పెళ్ళిళ్ళలో, సీమంతాల్లో, మెట్రో రైల్లో పక్కసీటు వాళ్ళతో కూడా ఆ బేరం గురించి చెప్పుకున్నాను. ఒక్క ఆండాళత్తకు మాత్రం చెప్పలేదు. ఆమె లెక్కలో తక్కెడ ఇంకా మా అటకమీదే, పాత దుప్పట్లో చుట్టిపెట్టి ఉంది.

ఆండాళత్త మా నాన్నకు చెల్లెలు. ఎనభై ఆరేళ్ళు. పెళ్ళయిన రెండో ఏడే, అత్తగారింట్లో తనకు కుదరదని తేల్చుకుని, తన పెట్టె తానే రిక్షాలో వేసుకుని పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. మా వారు పోయాక నేనూ ఆ పాత ఇంటికే చేరాను. ముందరి అంగడి గదిని స్కూటర్ల విడిభాగాలు అమ్మేవాళ్ళకు అద్దెకిచ్చాం. ధనియాలూ ఇంగువా కలిసి వాసన కొట్టిన చోట ఇప్పుడు గ్రీజు వాసన. వెనక రెండు గదుల్లో మేమిద్దరం. ఆమెకు ఒక అలవాటు ఉంది. ఏ వస్తువునైనా కింద పెట్టేముందు ఎత్తి అడుగు చూస్తుంది, కొంగుతో అడుగు తుడుస్తుంది, అప్పుడే పెడుతుంది. కాఫీ లోటా అయినా అంతే, కుంకుమ భరిణె అయినా అంతే. షోళింగనల్లూరు నుంచి నా కూతురు సుమతి వచ్చి ఆఫీసు లాప్‌టాప్ తెరిచిపెట్టి ఇటు తిరిగితే, దాన్నీ ఎత్తి అడుగు తుడిచింది. ఏదో మీటింగు మధ్యలో తెగిపోయింది. "అవ్వకు శుభ్రం జాస్తి" అని సుమతి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఆ అలవాటు ఏ రోజున, ఎవరివల్ల మొదలైందో తెలిసినదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే.

ఈ సెలవుల్లో సుమతి కూతురు నిత్య అంతరిక్ష విజ్ఞాన కేంద్రం చూడాలని పట్టుబట్టింది. ఎనిమిదేళ్ళ పిల్ల, అడిగింది ఇచ్చేదాకా అరవంలో అడుగుతుంది, ఇచ్చాక తెలుగులోకి వస్తుంది. అత్తను ఇంట్లో ఉండమంటే ఒప్పుకోలేదు. "ఇన్నేండ్లూ రాకెట్టు పోతా ఉంటే మిద్దెమీద నిలబడి చూస్తా ఉండాను. ఆకాశంలో అగ్గిపుల్ల గీసినట్టు పోతాది. దాని మొకం ఎట్లుంటాదో ఒక్కసారి దగ్గిర చూడాల్ల" అంది. అంతకన్నా మంచి కారణం మా దగ్గర లేదు. పొద్దున్నే లేచి పులిహోర, పెరుగన్నం కట్టుకుని, సుమతి పిలిపించిన టాక్సీలో బయల్దేరాం.

టికెట్ల దగ్గర నేను నా పని మొదలుపెట్టాను. ఎనభై దాటినవాళ్ళకు తగ్గింపు ఉందా? లేదు. సగం చూసి వచ్చేస్తే సగం తీసుకుంటారా? లేదు. నలుగురం ఒకే కుటుంబం కదా, మూడు టికెట్లు కొట్టరాదా? కిటికీలో కూర్చున్న అబ్బాయి ఓపిగ్గా, "ధర అందరికీ ఒకటేనమ్మా" అన్నాడు. వెనక వరసలో ఎవరో దగ్గారు. సుమతి సిగ్గుతో ఫోన్లో డబ్బు కట్టేసి, నా మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

లోపల అడుగుపెట్టగానే నా నోరు మూతపడింది. తోట నడుమ నిలబెట్టిన రాకెట్టు నమూనాను తల వెనక్కి వంచి చూస్తే కళ్ళద్దాలు జారిపోయాయి. పక్కనే ఒక ఇంజను ఉంది, కోసి లోపలిది చూపించారు. సన్నని గొట్టాలు, వాటిలోకి ఇంకా సన్నని గొట్టాలు. ఒక్కటీ అనవసరంగా లేదు. నేను దేన్ని చూసినా ధర అడిగే మనిషిని. దీని ధర ఎంతుంటుందని అడగాలని కూడా తోచలేదు. అత్తే ముందుగా నోరు తెరిచింది. "ఏమే పాపా, దీన్ని చేసినోళ్ళు ఇంటికి పోయి మామూలుగా అన్నం తినేసి పండుకుంటారా?" అంది. అరవై ఎనిమిదేళ్ళ నన్ను ఆమె ఇంకా పాపా అనే పిలుస్తుంది. "తింటారు అత్తా" అన్నాను. "ఎట్ల మింగుడు పడతాదో" అని ఆ ఇంజనుకు దణ్ణం పెట్టింది.

తర్వాత గుండ్రటి గదిలో, పడక కుర్చీల్లో వెనక్కి వాలి కూర్చోమన్నారు. దీపాలు ఒక్కొక్కటే తగ్గాయి. పిల్లల గోల తగ్గింది. పూర్తిగా చీకటి పడ్డాక, నెత్తిమీద ఒక చుక్క పుట్టింది, తర్వాత పది, తర్వాత లెక్కపెట్టడం మానేసే అన్ని. మా ఊళ్ళో దీపాల వెలుతురుకు దాక్కున్న ఆకాశం అదేనట. నూరుమంది ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దంలో అత్త నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఆ నిశ్శబ్దం నాకు కొత్తది కాదు. ఎక్కడ విన్నానా అని కుర్చీలో కదిలాను. అప్పుడు తట్టింది. మా అంగడిలో, పొద్దున పూట.

మా అంగడి తెరవడం అంటే తలుపులు తీయడం కాదు, తక్కెడను లేపడం. తెల్లవారుజామున అత్త ఇత్తడి పళ్ళాలను చింతపండూ బూడిదా వేసి తోమేది. అవి తడితోనే మెరుస్తూ గోడకు ఆనించి ఉంటే, నాన్న స్నానం చేసి, సాంబ్రాణి పొగ మూలమూలకూ చూపి, తక్కెడను దూలానికి వేలాడే కొక్కేనికి తగిలించేవాడు. ఖాళీ పళ్ళాలు రెండూ కాసేపు అటూ ఇటూ ఊగేవి. కాడ నడుమ నిలువుగా ఉండే ముల్లు కుడికి పోయేది, ఎడమకు వచ్చేది, మళ్ళీ కుడికి. అది నడిమికి వచ్చి నిలబడేదాకా ఇంట్లో ఎవ్వరూ మాట్లాడకూడదు. వంటింట్లో అమ్మ గరిటె ఆపేది. గాలికి పళ్ళెం కదులుతుందని నేను వీధి తలుపు దగ్గర చేతులు చాచి నిలబడేదాన్ని. నిలబడగానే నాన్న "సరి" అనేవాడు. ఆ మాటతో ఇల్లంతా ఒక్కసారిగా ఊపిరి తీసుకునేది. గుడికి పోయినా నాకు అంత భయం, అంత భక్తి కలగలేదు. ఏ చెయ్యీ పట్టుకోకుండా, ఎవరూ చెప్పకుండా, ఆ ముల్లు తన చోటు తానే ఎట్లా కనుక్కునేదో నాకు ఎప్పటికీ తెలియలేదు.

నాన్న సరుకు కోసం కొత్వాల్ చావడి బజారుకు పోయిన పూటల్లో తక్కెడ ముందు పీటమీద అత్త కూర్చునేది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, చెంపకు చేరెడు పసుపు, చెవిలో మరువం రెమ్మ. ఆమె తూస్తే చూడాలి. పిడికెడు పప్పు పళ్ళెంలోకి జారవిడిచి, చివరి గింజలు బొటనవేలితో ఒక్కొక్కటిగా వదిలేది. ఆడవాళ్ళు ఆమె ఉన్నప్పుడే వచ్చేవాళ్ళు. అత్తగారింటి నుంచి తిరిగొచ్చిందని వీధిలో ఎన్ని మాటలు అనుకున్నా, ఆ పీటమీద ఆమెను అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆమెకు ఉన్న ఊరూ పేరూ ఆ పీటే.

నాకప్పుడు పదేళ్ళు. లెక్కల్లో దిట్టనని నాకు గట్టి నమ్మకం. నాన్నా అత్తా ఇద్దరూ ముల్లు నడిమికి వచ్చాక కూడా కొనేవాళ్ళ వైపు ఇంకో నాలుగు గింజలు వేస్తారు. ఆ నాలుగు గింజలు రోజుకు ఎన్ని, నెలకు ఎన్ని అని పలకమీద లెక్క వేసి, మేము మునిగిపోతున్నామని తేల్చాను. ఎదుటి అంగడాయన ఏం చేస్తాడో నేను చూశాను. సరుకు పళ్ళెం అడుగున, ఎవరికీ కనబడకుండా, కాస్త చింతపండు అంటిస్తాడు. అది పళ్ళానికి ఎట్లాగూ అంటుకునేదే, కనబడినా అనుమానం రాదు. మా ఇల్లు నిలబెట్టాలని ఒకరోజు మధ్యాహ్నం, అత్త నీళ్ళు తాగడానికి లేచినప్పుడు, మా సరుకు పళ్ళెం అడుగున ఉసిరికాయంత చింతపండు ముద్ద నేను అంటించాను.

ఆ సాయంత్రం ఇడ్లీలు అమ్మే మునియమ్మ ఉద్దిపప్పుకు వచ్చింది. రోజూ పప్పు నానబోసే చెయ్యి ఆమెది. సంచి ఎత్తగానే తేడా తెలిసిపోయింది. వంగి పళ్ళెం అడుగు తడిమి, ముద్ద ఊడదీసి, వీధి నడుమ నిలబడి అందరికీ చూపించింది. "ఆండాళూ, నువ్వునా? నువ్వు గూడానా?" అంది. తిట్టు కూడా కాదు అది. నాన్న తిరిగొచ్చేసరికి వీధంతా అంగడి ముందే ఉంది. "నేను పెట్టలేదు అన్నా" అంది అత్త. కాసేపటికి, "పళ్ళెం తీసి చింతపండు బుట్టమీద పెట్టినానేమో. ఆడ అతుక్కున్నిందేమో. నేను చూసుకోలేదేమో" అంది.  నాన్న మునియమ్మకు రెండింతల పప్పు పోసి పంపాడు. మర్నాడు పొద్దున పీటమీద తానే కూర్చున్నాడు. చావడికి పోయే పనికి ఇంకో మనిషిని పెట్టాడు. అత్త వంటింట్లోకి వెళ్ళింది. ఆ రోజునుంచి గిన్నె అడుగు, లోటా అడుగు, చెంబు అడుగు. నాన్న పోయేదాకా, ఆ తర్వాత అంగడి మూసేదాకా, ఆమె మళ్ళీ ఆ పీట ఎక్కలేదు. నేనెందుకు నోరు విప్పలేదంటే, మొదటి రోజు భయం. రెండో రోజు, నిన్న చెప్పలేదే అని ఇంకా భయం. ఆ తర్వాత అందరూ మరిచిపోయారని నాకు నేను చెప్పుకున్న అబద్ధం. వంటింట్లోంచి కొంగు విదిలించిన చప్పుడు మాత్రం రోజుకు ఇరవైసార్లు వినబడేది.

గుండ్రటి గదిలో దీపాలు వెలిగాయి. కళ్ళు తుడుచుకుంటుంటే నిత్య, "అవ్వా, అళరియా?" అంది, ఏడుస్తున్నావా అని. మెడ పట్టిందన్నాను.

బయట వరసలో చిన్న చిన్న కాటాలు పెట్టారు. ఒక్కొక్కదానిమీద ఒక్కో గ్రహం బొమ్మ. ఎక్కితే ఆ గ్రహం మీద మన బరువెంతో చూపిస్తుంది. నిత్య అన్నిటిమీదా దూకింది. అత్త చంద్రుడి బొమ్మ ఉన్నదాని దగ్గర ఆగి, చెప్పులు విడిచి, వంగి ఒక్కొక్క పాదం అడుగు కొంగుతో తుడుచుకుని ఎక్కింది. ఏడు అని పడింది.

"ఏడు కిలోలా? ఆస్పత్రిలో నలభై రెండని రాసినారే! ఎవురమ్మా ఈ కాటా పెట్టింది? సీలు వేసే ఆఫీసరు ఈ పక్కకే రాలేదా?"

అక్కడ వివరాలు చెప్పే అమ్మాయి పరుగున వచ్చింది. నీలం కోటు వేసుకున్న సన్నటి పిల్ల. తిరుత్తణి వైపు తెలుగువాళ్ళ ఇంటి బిడ్డ. "కాటా సరిగానే ఉండాది అమ్మమ్మా" అని నవ్వి, భూమి మనల్ని ఎట్లా లాగుతుందో, చంద్రుడు అందులో ఆరోవంతే ఎందుకు లాగుతాడో ఓపిగ్గా చెప్పింది. అత్త తల పక్కకు వంచి, సరుకు నాణ్యం చూసినట్టు ప్రతి మాటా చూసింది.

"అట్లయితే ఆడ కిలో చింతపండు కొంటే మోసపోతామా?"

"ఇట్లాంటి కాటామీద తూస్తే తక్కువే చూపిస్తాది అమ్మమ్మా."

"తక్కెడలో తూస్తే? రెండు పళ్ళేల తక్కెడ. ఈ పక్క సరుకు, ఆ పక్క రాయి."

 అమ్మాయి కళ్ళు వెలిగాయి. "రాయి గూడా అంతే తేలికైపోతాది కదా అమ్మమ్మా! రెండూ సమానంగా తగ్గుతాయి. ముల్లు నడిమిలోనే నిలబడతాది. చంద్రుడి మీదైనా, ఏ గ్రహం మీదైనా తక్కెడ తప్పు చెప్పదు."

అత్త కాటా మీదే నిలబడి ఉంది. అంకె ఏడు దగ్గరే వెలుగుతోంది. ఆమె ముఖం చూశాను. రాకెట్టును చూసినప్పుడు కూడా ఆ ముఖం అట్లా లేదు. మా చింతాద్రిపేట ఇంట్లో దూలానికి వేలాడిన ఆ ఇత్తడి వస్తువును చుక్కల నడుమ ఎక్కడ తగిలించినా నిజమే చెబుతుందని ఆమె అప్పుడే తెలుసుకుంది. నేనూ అప్పుడే తెలుసుకున్నాను. తెలుసుకున్న మరుక్షణం, నేను దాన్ని చక్కెర పొట్లంతో సరిచూసిన కాటామీద తూచి అమ్మానని గుర్తొచ్చింది.

"ఇంకొక్క మాట" అంది అత్త, గొంతు తగ్గించి. "ఆ పళ్ళెం అడుగున చింతపండు అతుక్కోని ఉంటే? ఆడ ఆ మోసం గూడా ఆరోవంతే అవుతాదా?"

అమ్మాయి వేళ్ళు కదుపుతూ లోపల లెక్క చూసుకుంది. "లేదు అమ్మమ్మా. ఈడ ఎంతో ఆడా అంతే. అది తగ్గదు."

"తగ్గదా" అంది అత్త. కాటా దిగింది. చెప్పులు తొడుక్కోవడం మరిచి నడిచింది. ఆ చెప్పులు చేత్తో పట్టుకుని నేను వెనక నడిచాను.

రాకెట్టు నీడలో బల్లమీద అన్నం పెట్టుకున్నాం. సుమతి, నిత్య నీళ్ళకు వెళ్ళారు. అత్త పులిహోర డబ్బా ఎత్తి, అడుగు తుడిచి, కింద పెట్టబోతోంది.

"అత్తా, ఆ చింతపండు పెట్టింది నేను."

డబ్బా గాలిలోనే ఆగింది. "ఏ చింతపండు?"

"మునియమ్మ ఉద్దిపప్పు నాటిది."

ఏ చింతపండని ఆమెకు తెలియక అడగలేదని నాకు తెలుసు. ఆమె డబ్బాను ఒళ్ళో పెట్టుకుంది.  ఒక కాకి వచ్చి బల్ల చివర వాలి, ఏమీ దొరకదని వెళ్ళిపోయింది.

"నేనే పెట్టినానేమో అని నాకే అనుమానం వచ్చేసిందే పాపా" అంది చివరికి. "ఎవురూ పెట్టకపోతే ఎట్ల వస్తాది? బుట్టమీద పెట్టినానా, పెట్టలేదా అని రాత్రుళ్ళు చేతులు చూసుకుంటా ఉంటి. మా అన్న నన్ను నమ్మకుండానే పోయె."

ఒప్పుకున్నాక ఏం అనాలో అంగడిలో ఎవరూ నేర్పలేదు.

"ఎంత పెట్నావు?"

"ఉసిరికాయంత."

"చిన్నుసిరికాయా, పెద్దుసిరికాయా?"

"చిన్నదే."

అత్త నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో నీళ్ళూ ఉన్నాయి, ఇరవై ఎనిమిదేళ్ళ వయసు నాటి పీటా ఉంది. "సిగ్గులేదూ? ఈ వయసులో, ఈడ కూచోని, నాకే తక్కువ తూస్తా ఉండావా? ఆ ముద్ద నా చేతిలో పెట్టింది మునియమ్మ. నేను చూడలేదా?"

తల వంచుకున్నాను. అప్పుడు ఆమె అంది. "సరి. అటకమీది తక్కెడ దించు. రేపటి నుంచి ఇంటికి పప్పూ బియ్యం నేను తూసి ఇస్తా."

ఇంక దాచడానికి చోటు లేదు. పాత సామాన్లవాడి సంగతీ చెప్పాను. చక్కెర పొట్లం సంగతి కూడా, అలవాటు కొద్దీ, కాస్త గర్వంగానే వచ్చేసింది. ఎంతకు అమ్మావని అడిగింది. చెప్పాను. అత్త నుదురు కొట్టుకుంది. "ఆ కాడ కంచుదే పిచ్చిదానా! ఇత్తడి ధరకు ఇచ్చేస్తివా? నిన్ను చూసి వాడు ఇంటికి పోయి పాయసం వండుకోని ఉంటాడు." ఎగతాళి చేస్తూ ఏడ్చింది, ఏడుస్తూ పులిహోర నా ఆకులో వేసింది. నీళ్ళతో తిరిగొచ్చిన నిత్య మా ఇద్దరినీ చూసి, "మీ ఇద్దరికీ మెడ పట్టిందా?" అంది.

మర్నాడు పాత సామాన్ల వీధికి వెళ్ళాను. మూడో అంగడిలో ఒక తక్కెడ దొరికింది. మా నాన్నది కాదు. అంగడాయన ఒక ధర చెప్పి, నేను తగ్గించమంటాననుకుని ఎదురుచూశాడు. నేను ఆయన చెప్పినంతా ఇచ్చేశాను. దొంగనోటేమోనని భయపడి నోటును ఎండలో పట్టుకుని చూశాడు. ఇంట్లో దూలానికి దాన్ని తగిలించాం. అత్త పాత పీట వేయించుకుని కూర్చుంది. ముల్లు ఊగింది. నేను తలుపు దగ్గర చేతులు చాచి నిలబడ్డాను. స్కూటరు ఇంజను ఆపమని ముందరి గది అంగడివాణ్ణి బతిమాలి వచ్చాను. ముల్లు నిలిచింది. "సరి" అంది అత్త.

ఇక అంతటికీ బిల్లు. టికెట్లు నాలుగు, ఒక్కటీ తగ్గలేదు. టాక్సీ రాను పోను. పాత తక్కెడకు వచ్చిన ధర ఒకటి, కొత్త తక్కెడకు పోయిన ధర అంతకు మూడింతలు. అత్త పీటమీద కూర్చోవలసిన ఏళ్ళు యాభై ఎనిమిది. వాటిలో నేను తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు. చెప్పేశాను కదా, ఆ కొంగు తుడుపు ఆగిపోతుందని లోపల ఆశపడ్డాను, అదీ రాయాలి. ఆగలేదు. తూకానికి ముందు ఇప్పటికీ పళ్ళెం ఎత్తి అడుగు తుడుస్తుంది. మిగిలింది ఒక దిద్దుబాటు. పైన ఆ ముద్ద ఉసిరికాయంత అని రాశాను. అది కొట్టేసుకోండి. నిమ్మకాయంత పెట్టాను.